గుట్ట దిగిన వీడియోలో గుట్ట ఏది?

ఒంటికో సైకిల్‌కో బిగించుకునే చిన్న యాక్షన్ కెమెరా కొన్న కొత్తలో, నల్లగొండ పక్కన ఒక గుట్ట మీది నుంచి సైకిల్ మీద దిగాను. రాళ్ల సందుల్లో మేకలు నడిచే బాట అది. ఒకచోట ముందు చక్రం కిందికి ఆనేదాకా అవతల నేల ఉందో లేదో తెలియదు. బ్రేకు పట్టిన వేళ్లు రాత్రి దాకా నొప్పి పెట్టాయి. ఇంటికొచ్చి స్నానం కూడా చేయకుండా ఆ వీడియో టీవీలో పెట్టి అమ్మను పిలిచాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుకుంటూ రెండు నిమిషాలు చూసింది. "సాపు బాటనే గదరా, గింత దానికి గంతగనం ఆయాసమెందుకొచ్చింది నీకు?" అంది.

ఆమె మాటలో తప్పేం లేదు. వీడియోలో నిజంగానే గుట్ట లేదు. ఎర్రమట్టి బాట ఒకటి నింపాదిగా ఎదురొస్తోంది, రెండు పక్కలా సీతాఫలం పొదలు, మధ్యలో నా రొప్పు. అంతే. ఆ రోజు కెమెరా హెల్మెట్ నడినెత్తిన ఉంది. అందరూ అక్కడే పెడతారు కదా అని నేనూ అక్కడే పెట్టాను.

ఆ తర్వాత రెండేళ్లలో దాన్ని హ్యాండిల్‌కు కట్టాను, సీటు కింద వేలాడదీశాను, గదవ కింద, ఛాతీ మీద, బ్యాగు పట్టీకి, ఒకసారి బుద్ధి గడ్డి తిని ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుకు కూడా బిగించాను. మంచి చోటు ఏదని సైకిల్ తొక్కేవాళ్లలో పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. తమాషా ఏమిటంటే, పదీ ఎంతో కొంత నిజమే. ఒకచోట పెడితే వేగం బాగా తెలుస్తుంది కానీ బొమ్మ వణుకుతుంది. ఇంకోచోట బొమ్మ నిలకడగా ఉంటుంది కానీ సైకిలే కనిపించదు. చివరికి నేను పట్టుకున్నది ఒకటే. కెమెరా బిగించే ముందు, ఆ చోటి నుంచి తీసే బొమ్మలో కొలతకు ఏదైనా దొరుకుతుందా అని చూసుకోవాలి. చెయ్యో, హ్యాండిలో, ముందు పోయే మనిషో. అది లేకపోతే రాచకొండ గుట్టలు కూడా చెరువు కట్టలాగే కనిపిస్తాయి.

వాలు ఎటు పోయింది

గుట్ట దిగేటప్పుడు వాలు మనకు కంటితోనే తెలియదు. లోచెవి చెబుతుంది, అరచేతుల మీద పడే బరువు చెబుతుంది, సీటు దాటి వెనక్కి జరిగిన నడుము చెబుతుంది. కెమెరాకు ఇవేవీ లేవు. దానికి తెలిసింది ఎదురుగా ఉన్న బొమ్మ ఒక్కటే, అదీ ఒంటి కన్నుతో.

పైగా దిగేటప్పుడు మన చూపు బాట వెంట కిందికి ఉంటుంది. తలతో పాటు తల మీది కెమెరా కూడా కిందికే వంగుతుంది. వాలు ఎంత వంగిందో కెమెరా కూడా అంతే వంగితే, దానికి ఆ వాలు సాపు నేలే. ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక చెక్క పలకను ఒక పక్క రెండు ఇటుకల ఎత్తు లేపి, ఎత్తు వైపు పలక మీదే ఫోన్ నిలబెట్టి, కింది వైపుకు వీడియో తీయండి. గోడో తలుపో ఫ్రేములోకి రాకపోతే ఆ పలక వంగి ఉందని ఎవరూ చెప్పలేరు.

లెన్స్‌ది ఇంకో దెబ్బ. యాక్షన్ కెమెరాల లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది. దగ్గరివి పెద్దవైపోతాయి, దూరపువి చిన్నవైపోతాయి. ఇరవై అడుగుల అవతల మోకాలెత్తు గుండు బొమ్మలో ఇటుక బెడ్డంత కనిపిస్తుంది. దానికి భయపడి బ్రేకు వేశానంటే నవ్వరా మరి?

దీనికి తోడు స్టెబిలైజేషన్, అంటే కుదుపును సర్ది బొమ్మను నిలకడగా చూపించే ఏర్పాటు. 2018లో గోప్రో కంపెనీ కెమెరా హీరో 7 బ్లాక్‌తో హైపర్‌స్మూత్ అనే స్టెబిలైజేషన్ వచ్చింది. అంతకు ముందు గింబల్ (కెమెరాను మోటార్లతో కుదురుగా పట్టే పరికరం) తగిలించుకుంటే తప్ప దొరకని నిలకడ కెమెరాలోకే వచ్చేసింది. తర్వాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. మంచిదే, చూసేవాళ్లకు తల తిరగడం తగ్గింది. కానీ బాట ఎంత గతుకులో చెప్పే సాక్షి ఆ కుదుపే. సాక్షి నోరు మూయించి, వీడియోలో గతుకులు కనిపించడం లేదని బాధపడుతున్నాం.

కాబట్టి వాలు కనిపించాలంటే ఫ్రేములో నిటారుగానో అడ్డంగానో కదలని గీత ఒకటి ఉండాలి. మన దగ్గర ఆ పని తాటిచెట్టు చేస్తుంది. గట్టు మీద మొలిచినా గుట్ట కింద మొలిచినా అది నిలువునా పైకే పోతుంది. పక్క నుంచి తీసిన బొమ్మలో ఒక్క తాటిచెట్టు ఉంటే చాలు, దాని పక్కన బాట ఎంత వంగిందో కన్ను తనంతట తనే లెక్క కట్టుకుంటుంది. సైకిల్ మీది నుంచే తీసేటప్పుడైతే ఆకాశం అంచు ఆ పని చేస్తుంది. పాలమూరు వైపు గుట్టలెక్కితే కింద మైదానం చాలా దూరం దాకా పరుచుకుని ఉంటుంది కదా, ఆ అంచు ఫ్రేములో ఉండాలి. అంచు ఉండి, బాట మాత్రం ముందు చక్రం అవతల మాయమైతే, అప్పుడు చూసేవాడి కడుపులో కొంచెం కలుక్కుమంటుంది. అంటే కెమెరా మనం అనుకున్నదాని కంటే కొంచెం పైకి చూడాలి. నేలను చూపించాలన్న తాపత్రయంతో కిందికి వంచినకొద్దీ వాలు పోతుంది.

వేగం కింద ఉంటుంది

నలభైలో పోయే ఆటో, అరవైలో పోయే బస్సు కంటే జోరుగా పోతున్నట్టనిపిస్తుంది. ఆటోలో నేలకు దగ్గరగా కూర్చుంటాం, అందుకు. కంటికి తెలిసే వేగం కిలోమీటర్ల లెక్కలో ఉండదు. కన్ను నేలకు ఎంత ఎత్తులో ఉందో, ఆ ఎత్తుకు ఎన్ని రెట్ల దూరం సెకనులో దాటామన్నదే దానికి లెక్క.

గంటకు 20 కిలోమీటర్లు అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. పెడళ్ల మీద లేచి నిలబడ్డప్పుడు హెల్మెట్ పైభాగం నేలకు దాదాపు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే సెకనుకు మూడున్నర రెట్లు. ఛాతీ 1.2 మీటర్ల దగ్గర అనుకుంటే నాలుగున్నర దాటుతుంది. ఫోర్కు దగ్గర అర మీటరు ఎత్తులో కడితే పదకొండు రెట్లు. అదే సైకిల్, అదే బాట, అదే మనిషి. కెమెరా కిందికి దిగిన కొద్దీ మొనగాడైపోతాడు.

మరి ఫోర్కుకే కట్టేస్తే సరిపోతుంది కదా అంటారేమో. నేనూ అదే అనుకున్నాను. పది నిమిషాల వీడియోలో చూడగలిగింది నాలుగు సెకన్లు. మిగతాదంతా మొరం దుమ్ము, టైరు ఎగజిమ్మిన రాళ్లు. ఒక రాయి లెన్స్ పైగాజుకు గీత కూడా పెట్టింది.

ఛాతీ

నన్నడిగితే మన గుట్టలకు మొదట కొనాల్సింది ఛాతీ పట్టీ. ఎత్తు సరిపోతుంది. రెండు చేతులు, హ్యాండిల్, బ్రేకు లివర్లు ఫ్రేములో ఉంటాయి. బాట గట్టిగా కుదిపినప్పుడు హ్యాండిల్ ఎగిరెగిరి పడటం, మోచేతులు విచ్చుకుని ఆ దెబ్బను మింగడం కనిపిస్తుంది. కొలత అంటే ఇదే. స్టెబిలైజేషన్ బాటను సాపు చేసినా చేతుల కష్టాన్ని దాచలేదు. చేతులూ మోకాళ్లూ షాక్ అబ్జార్బర్లలా పనిచేసి చిన్న అదురును ఛాతీ దాకా రానివ్వవు కాబట్టి బొమ్మ కూడా నిలకడగా ఉంటుంది.

కానీ ఛాతీ పట్టీ మొదటిసారి ఎవరికీ సరిగ్గా రాదు. నేను ఇంట్లో అద్దం ముందు నిలబడి, కెమెరా నేరుగా ఎదుటికి చూసేలా బిగించుకుని పోయాను. సైకిలెక్కి ముందుకు వంగగానే కెమెరా కూడా నాతో పాటు వంగింది. ఇరవై రెండు నిమిషాల వీడియో నిండా హ్యాండిల్ మధ్య భాగం, దాని మీద తుప్పు పట్టిన ఒక బోల్టు. ఆ బోల్టును నేను అంతకు ముందు గమనించనే లేదు. మార్చాను, అదొక్కటే ఆ రోజు లాభం.

సరైన పద్ధతి ఇది. సైకిల్‌ను గోడకో చెట్టుకో ఆనించి, లేదా దోస్తును పట్టుకోమని, పెడళ్ల మీద లేచి నిలబడండి. దిగేటప్పుడు ఎలా ఉంటారో అలాగే, మోచేతులు విచ్చి, నడుము వెనక్కి. ఆ భంగిమలో ఉండగా ఇంకొకరు ఫోన్లో ప్రివ్యూ చూస్తూ కెమెరాను పైకి తిప్పాలి. చేతులు, హ్యాండిల్ బొమ్మలో కింది మూడోవంతులో ఉండాలి, ఆకాశం అంచు పైన కొంచెం కనిపించాలి. అప్పుడు సైకిల్ దిగి మామూలుగా నిలబడితే కెమెరా మన గడ్డాన్నో ఆకాశాన్నో చూస్తున్నట్టు వెర్రిగా ఉంటుంది. అలా ఉంటేనే సరిగ్గా బిగించినట్టు. కెమెరాను తలకిందులుగా బిగిస్తే అంత పైకి తిప్పడానికి చోటు దొరుకుతుంది. బొమ్మను తిరిగి నిటారు చేసుకోవడం ఇప్పటి కెమెరాలకు వచ్చు. ఇంకా అనుమానమైతే 4:3 లాంటి పొడవాటి ఫ్రేములో తీసి, ఇంటికొచ్చాక పైనా కిందా కత్తిరించుకోండి. కోణం కొద్దిగా తప్పినా గండం గడుస్తుంది.

పట్టీ బిగుతుగా ఉండాలి, ఊపిరాడనంత కాదు. వదులుగా ఉంటే ప్రతి గతుకుకూ కెమెరా డప్పు కొట్టినట్టు కొట్టుకుంటుంది. ఆడవాళ్లకు ఈ పట్టీ చాలాసార్లు సరిగ్గా కూర్చోదు. నీళ్ల బ్యాగు భుజం పట్టీకి బిగించే క్లిప్పు వాళ్లకు నయం. కాకపోతే అది ఒక పక్కకు ఉంటుంది కాబట్టి బొమ్మ కొద్దిగా వంకరగా వస్తుంది, పట్టీ కూడా బిగించి కట్టాలి.

ఒకసారి నేను ఇలా పట్టీ సర్దుకుంటుంటే మేకలు కాసే పిల్లగాడొకడు వచ్చి నిలబడ్డాడు. "అన్నా, గా గుండె మీద గదేంది? ఆపరేషనైందా?" అన్నాడు. కెమెరా అని చెప్పాను. "నువ్వెటు జూస్తె అటు జూస్తదా?"

"లేదు తమ్మీ, నా ఛాతీ ఎటుంటే అటు."

"మరి నువ్వు పక్కకు మలిగి జూస్తె?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఛాతీ కెమెరా అసలు లోటు అదే. మలుపు దగ్గర మన చూపు ముందే మలుపు చివరికి పోతుంది, ఛాతీ ఆలస్యంగా తిరుగుతుంది. వంకర టింకర బాటల్లో బొమ్మ ఎప్పుడూ ఒక అడుగు వెనకబడుతుంది. ఎక్కుడులోనూ ఇది పనికిరాదు. ముందుకు వంగి తొక్కుతుంటే మోకాళ్లు వచ్చి ఫ్రేమును కొడుతుంటాయి. ఎక్కేది తీయకండి, ఎవరూ చూడరు. ఇంకో మాట, బోర్లా పడితే ఆ గట్టి డబ్బా ఎముక మీదే నొక్కుతుంది. బండల మీద దిగేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

తల

పిల్లగాడు అడిగిన ప్రశ్నకు జవాబు తల దగ్గర ఉంది. మన మెడ పుట్టుకతోనే గింబల్. ఒళ్లు ఊగినా చూపు నిలవడానికి మెడ కండరాలు తలను సర్దుతూనే ఉంటాయి. అందుకే హెల్మెట్ కెమెరా బొమ్మ నిలకడగా ఉంటుంది, మలుపులో ముందే చూస్తుంది. నల్లమల అంచుల్లాంటి పొదల బాటల్లో అది పెద్ద లాభం. కానీ నడినెత్తిన పెడితే ఎత్తు ఎక్కువ, సైకిల్ కనిపించదు, కొలత లేదు. మా అమ్మ చూసిన వీడియో అదే. పక్కన దోస్తుతో మాట్లాడటానికి తల తిప్పిన ప్రతిసారీ చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మన కెమెరా కూడా తల మీద ఉందన్న సంగతి కొమ్మలకు తెలియదు. సర్కారు తుమ్మ కింద నుంచి వంగి దాటాననుకున్నాను. నేను దాటాను, కెమెరా దాటలేదు. వెనక్కి పోయి ముళ్లలో చెయ్యి పెట్టి తీసుకోవడానికి అరగంట పట్టింది.

తల మీద పెట్టాలంటే అది గదవ దగ్గరే పెట్టాలి. నిండు ముఖం హెల్మెట్ గదవ భాగానికి బిగించే మౌంట్లు దొరుకుతాయి. కంటికి దగ్గరి ఎత్తు, హ్యాండిల్ కూడా ఫ్రేము అంచులో కనిపిస్తుంది, చూపు తిరిగిన వైపు తిరుగుతుంది. చూడటానికి ఇంతకంటే మంచి బొమ్మ లేదని నేనూ ఒప్పుకుంటాను. చిక్కంతా హెల్మెట్‌తోనే. ఏప్రిల్‌లో మన ఎండకు నిండు ముఖం హెల్మెట్ పెట్టుకుని గుట్ట ఎక్కడమంటే కుండలో తల పెట్టినట్టే. పైకి మోసుకుపోయి దిగేటప్పుడు పెట్టుకునేవాళ్లున్నారు, వాళ్ల ఓపికకు దండం. ఊపిరి చప్పుడు కూడా మైకులోనే పడుతుంది.

హెల్మెట్‌కు డ్రిల్లు పెట్టి బోల్టుతో కెమెరా బిగించినతన్ని ఒకసారి చూశాను. ఆ పని మాత్రం చేయకండి. లోపలి ఫోమే మన పుర్రెను కాపాడేది, దానికి రంధ్రం పెడితే బలం పోతుంది. పడ్డప్పుడు హెల్మెట్ నేల మీద జారాలి, కెమెరా కొక్కెంలా పట్టుకుని మెడను లాగకూడదు. గట్టిగా తగిలితే ఊడి వచ్చే మౌంటే తల మీద ఉండాలి.

హ్యాండిల్, ఇంకా కొన్ని

హ్యాండిల్ మీద బిగించడం అన్నిటికంటే సులువు. ఫోన్ హోల్డర్ అలవాటు కదా అందరికీ. పానగల్ దగ్గర ఉదయసముద్రం కట్ట లాంటి చోట పొద్దున్నే తొక్కితే ఇది చక్కగా పనిచేస్తుంది, నీళ్లూ కొంగలూ హాయిగా కనిపిస్తాయి. అదే మొరం బాటకు మళ్లగానే బొమ్మ ఉడికీ ఉడకని గుడ్డులా కదలడం మొదలవుతుంది. నిటారుగా ఉన్న కరెంటు స్తంభాలు పాములా మెలికలు తిరుగుతాయి.

కారణం కెమెరా లోపల ఉంది. సెన్సర్ బొమ్మను ఒకేసారి పట్టదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. సెకనులో చిన్న తునకే కానీ ఆ తునకలోనే హ్యాండిల్ అదిరిపోతుంది. పై వరుస చదివినప్పుడు స్తంభం ఒకచోట, కింది వరుస చదివేసరికి ఇంకోచోట. ఇది ఒకే ఫ్రేము లోపల జరిగే వంకర. స్టెబిలైజేషన్ ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఊపును సర్దడంలో దిట్ట, ఈ లోపలి వంకర చాలావరకు దానికి లొంగదు. ముందు ఫోర్కుకు సస్పెన్షన్ ఉంది కదా అంటే, అది పెద్ద దెబ్బలను మింగుతుంది, గులకరాళ్ల అదురును కాదు. టైర్లలో గాలి కాస్త తగ్గించడం, పొడవాటి ప్లాస్టిక్ చేతుల మౌంటు మానేసి హ్యాండిల్‌కు అతుక్కుని ఉండే పొట్టి లోహపు బిగింపు వాడటం కొంత పని చేస్తాయి. గాలి మరీ తగ్గిస్తే బండల మీద ట్యూబు నొక్కుకుని పగులుతుంది. ఎలాగూ పల్లేరుకాయలు మనల్ని వదలవు, మనం కూడా వాటికి సాయం చేయడమెందుకు?

హ్యాండిల్ మీద కెమెరాను వెనక్కి తిప్పి మన ముఖాన్ని తీయడం మాత్రం నాకు ఇష్టం. ఎక్కుడులో చెమట, తిట్లు, నాలుక బయటికి రావడం, అన్నీ పడతాయి. అది అర నిమిషం చాలు. సీటు కింద వెనక్కి పెడితే వెనక వచ్చే దోస్తు కనిపిస్తాడు, ఎండాకాలమైతే మన దుమ్ములో వాడు కనిపించడు. మణికట్టు సంగతి మాట్లాడుకోవడమే దండగ. చుట్టూ అన్ని వైపులా ఒకేసారి తీసే రెండు లెన్సుల 360 కెమెరా, దాన్ని పట్టుకునే, బొమ్మలో కనిపించని కర్ర, ఇవి అద్భుతం. ఏ వైపు కావాలో తర్వాత ఎంచుకోవచ్చు. కానీ రెండు వైపులా లెన్సు బయటికి ఉబికి ఉంటుంది, మన నేలంతా గ్రానైటు. ఎటు పడినా ఒకటి గీసుకుంటుంది. ఇంటికొచ్చాక గంటల కొద్దీ కూర్చుని ఎటు చూడాలో ఎంచుకునే ఓపిక ఎందరికుంటుందో కూడా నాకు అనుమానమే.

ఎండ, జిగురు, బటన్

బయటి దేశాల వీడియోలు చూసి నేర్చుకుంటే రాని సంగతి మన ఎండ. కెమెరా పనిచేసే వేడికి కంపెనీలు చెప్పే పైహద్దు మోడల్‌ను బట్టి 35, 45 డిగ్రీల మధ్య ఉంటుంది. నల్లగొండలో మే నెల నీడలోనే 44 దాటిన రోజులుంటాయి. ఎక్కువ స్పష్టత ఇచ్చే 4కేలో వదిలేసి ఎండలో నిలబడి కబుర్లు చెప్పుకుంటే కెమెరా తనంతట తనే పడుకుంటుంది. సైకిల్ కదులుతున్నంతసేపు గాలి తగిలి చల్లబడుతుంది. అందుకే దిగేటప్పుడు మాత్రమే ఆన్ చేయడం, ఆగగానే ఆపడం అలవాటు చేసుకోవాలి. కార్డుకు కూడా అదే మేలు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు 45 జీబీ నిండుతుంది.

హెల్మెట్‌కు అంటించే జిగురు పలకలు కూడా ఎండకు లొంగుతాయి. నా మొదటి పలక అంటించిన గంటకే బయల్దేరాను, మిట్ట మధ్యాహ్నానికి ఒక అంచు లేచింది. ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అంటించాక కనీసం 24 గంటలు వదిలేయాలి. వంపు ఉన్నచోట వంపు పలక, చదునుగా ఉన్నచోట చదును పలక. అయినా నేను సన్నని తాడొకటి కడతాను, తాళం చెవులకు కట్టే లాంటిది.

వెలుతురు కూడా చోటును మారుస్తుంది. పొద్దున ఆరు, ఎనిమిది మధ్య వాలు ఎండలో ప్రతి రాయికీ నీడ ఉంటుంది, బాట ఎత్తుపల్లాలు బొమ్మలో లేచి కనిపిస్తాయి. మధ్యాహ్నం పరుపు బండ తెల్లగా కాలిపోయి కాగితంలా వస్తుంది. సూర్యుడికి ఎదురుగా దిగితే హెల్మెట్ కెమెరా ఆకాశాన్ని చూసి మొత్తం చీకటి చేస్తుంది, ఛాతీ కెమెరాకు చేతులూ నేలా ఎక్కువ కాబట్టి కాస్త నయం. దట్టమైన చెట్ల కిందికి పోతే ఇంకో చిక్కు. వెలుతురు తగ్గగానే కెమెరా షట్టర్ నెమ్మదిస్తుంది, ప్రతి ఫ్రేములోనూ కుదుపు అలుక్కుపోతుంది. స్టెబిలైజేషన్ ఫ్రేమును నిలబెడుతుంది కానీ అలుకుడును తుడవలేదు. బొమ్మ కదలదు, మసక మాత్రం వచ్చి పోతుంటుంది. అలాంటి చోట హ్యాండిల్ మౌంటు అసలు వద్దు.

అడవి మాట వచ్చింది కాబట్టి, అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలికి కెమెరాతోనైనా, లేకుండానైనా అటవీ శాఖ అనుమతి లేకుండా సైకిల్ తిప్పకండి.

బటన్ గురించి ఒక్క మాట. తల మీద కెమెరా రికార్డు అవుతోందో లేదో మనకు కనిపించదు. ఒకసారి మొదటి నొక్కుడు పడలేదు, నేను పడిందనుకున్నాను. ఇక ఆ రోజంతా తలకిందులే. దిగేటప్పుడు ఆఫ్, ఆగినప్పుడు ఆన్. ఇంట్లో చూస్తే నీళ్లు తాగడం, పంక్చరు అతకడం, అరటిపండు తినడం, అన్నీ ఉన్నాయి, ఒక్క దిగుడూ లేదు. ఛాతీ మీదైతే తల వంచి లైటు చూసుకోవచ్చు.

ఆ లైటు ఇంకొకరికీ సంబంధించింది. ఊరిలోంచి పోయేటప్పుడు నేను కెమెరా ఆపేస్తాను. మన వైపు బాటలు నేరుగా నాట్లేసే మడుల పక్క నుంచో, చెరువు దగ్గర బట్టలు ఉతికే చోటు నుంచో పోతాయి. ఫోన్ ఎత్తి పట్టుకుంటే కనీసం ఫొటో తీస్తున్నారని తెలుస్తుంది. ఛాతీ మీది డబ్బా ఏమిటో వాళ్లకు తెలియదు.

ఇంకొకరి ఛాతీ

నా లెక్కలో అన్నిటికంటే మంచి మౌంటు మన ఒంటి మీద లేదు. పది పదిహేను అడుగుల వెనక వచ్చే దోస్తు ఛాతీ మీద ఉంది. అప్పుడు ఫ్రేములో నిండు మనిషి, నిండు సైకిల్ ఉంటాయి. ముందువాడు ఒక్కసారిగా నడుము దాకా కనిపించకుండా పోతే బాట ఎంత పడిందో వేరే చెప్పనక్కర్లేదు. వెనకవాడు మరీ దగ్గరగా రాకూడదు, ముందువాడు పడితే ఇద్దరూ ఒకే బండ మీద తేలుతారు. ఇద్దరూ కెమెరాలు మార్చుకుంటే ఎవరి వీడియో వాళ్లకు దొరుకుతుంది.

దానికంటే చవకైనది ఫోను. దిగుడు పక్కన, ఒక రాయికి ఆనించి, సాపుగా పెట్టి, అరవై అడుగుల దూరం నుంచి తీస్తే వాలు దాచినా దాగదు. జూమ్ చేయకుండా, నేల నుంచి రెండడుగుల ఎత్తులో పెట్టాలి, ఫోన్ వంగకుండా చూసుకోవాలి. వెడల్పు లెన్స్ కాకుండా మామూలు లెన్సే వాడాలి. మొత్తం వీడియోలో ఇలాంటి ముక్క ఆరు సెకన్లుంటే మిగతా ఛాతీ వీడియోను కూడా జనం నమ్ముతారు.

పోయిన చలికాలం అదే గుట్టకు మళ్లీ పోయాం. దోస్తు ఫోన్ రాయికి ఆనించాడు, నేను దిగాను. ఆ మేకల పిల్లగాడు అక్కడే ఉన్నాడు, కొంచెం పొడుగయ్యాడు. నేను దిగినచోటికి నాలుగడుగుల అవతల ఒక మేక వెనక కాళ్లు పైన, ముందు కాళ్లు కింద పెట్టి రేగుకొమ్మ అందుకుంటోంది. దిగాక ముగ్గురం ఫోన్ చుట్టూ చేరి చూశాం. పిల్లగాడు ముందు తన మేకను చూశాడు. వేలితో బొమ్మ ఆపి, మేకనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"మా ఎర్ర మేకకే కాలు ఆగుతలేదు గాడ. నువ్వు గాడికెల్లి దిగినవా అన్నా?"